టెక్సాస్‌లో జింకల వేట: ముందు నేల, తర్వాత మంచె, ఆ మీదట తుపాకీ

డాలస్‌కు దూరంగానో, ఆస్టిన్‌కు పడమట హిల్ కంట్రీ కొండల్లోనో పది ఇరవై ఎకరాలు కొన్న మనవాళ్ళు వేట మొదలుపెడదామనుకోగానే ముందు వెళ్ళేది తుపాకుల దుకాణానికి. అక్కడ అడిగే మొదటి ప్రశ్న ‘ఎంత దూరం నుంచి కొడతారు?’ అని. దానికి జవాబు తెలియకుండా కొన్న రైఫిల్ బరువులో, భుజానికి తగిలే దెబ్బలో, ధరలో అవసరాన్ని మించే ఉంటుంది. ఆ జవాబు మీ నేల చెప్పాలి. అందుకే ఇక్కడ వరస తిరగేశాం.

ఇదంతా టెక్సాస్ సంగతి అని గుర్తుంచుకోండి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను కొట్టడం నేరం. టెక్సాస్‌లో వైట్‌టెయిల్ అనే తెల్లతోక జింక రాష్ట్రం లెక్కగట్టి, సీజను పెట్టి, ట్యాగు (లైసెన్సుతో వచ్చే చీటీ) ఇచ్చి వేటాడనిచ్చే జంతువు. నేలలో 95 శాతం పైగా ప్రైవేటు ఆసామీల చేతిలోనే ఉంది కాబట్టి జింకల బాగోగులు కూడా చాలావరకు ఆ ఆసామీల మీదే ఆధారపడి ఉన్నాయి.

కాగితాలు

సొంత పొలంలో వేటాడినా లైసెన్సు కావాలి. ఆరు నెలలుగా ఎడతెగకుండా టెక్సాస్‌లో ఉంటున్నవారికి మామూలు వేట లైసెన్సు 25 డాలర్లు, బయటి రాష్ట్రం వారికి 315. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. 17 ఏళ్ళు నిండితే మొత్తం ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. అయినా మైదానంలో నేర్పే తరగతికి వెళ్ళడమే మేలు. తుపాకీ ఎప్పుడూ చేతపట్టని మనిషికి గొట్టం ఎటు తిరిగి ఉండాలో వీడియో చూస్తే అలవడదు.

వీసాల మీద ఉన్నవారు ఈ పేరా రెండుసార్లు చదవండి. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 వంటి వీసాల వారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఉన్న మినహాయింపుల్లో మనకు అక్కరకొచ్చేది ఒకటే: అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. చిక్కంతా ఆ గడువు దగ్గరే. టెక్సాస్ వేట లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో చెల్లిపోతుంది. జనవరిలో సీజను ముగిశాక రైఫిల్‌ను బీరువాలో పెట్టి మరిచిపోతే, సెప్టెంబరు 1 తెల్లవారేసరికి ఆ బీరువాలో ఉన్నది నేరం. కొత్త ఏడాది లైసెన్సులు ఆగస్టు మధ్యలోనే అమ్మకానికి వస్తాయి, అప్పుడే కొనేసుకోండి. భార్యాభర్తలిద్దరూ వీసా మీద ఉండి లైసెన్సు ఒకరికే ఉంటే, బీరువా తాళం గానీ నంబరు గానీ రెండోవారి చేతిలో ఉండకూడదు. లేదంటే 25 డాలర్లు పెట్టి రెండో లైసెన్సూ కొనండి, గొడవ వదిలిపోతుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ బెడద లేదు. ఇమ్మిగ్రేషన్ కేసు ఏదైనా నడుస్తుంటే తుపాకీ కొనేముందు లాయరును అడగండి.

ఇంకో మాట. తూటాలు మోసిన బ్యాగును ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగున మిగిలిపోయిన ఒక్క తూటా విమానాశ్రయం స్కానర్‌లో పడితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. రేంజికి, అంటే కాల్పులు సాధన చేసే చోటికి, ఒక బ్యాగును కేటాయించి, దాన్ని గ్యారేజీలోనే ఉంచండి.

నేల ఏ కౌంటీలో ఉందన్నదీ ముఖ్యమే. మనవాళ్ళు ఎక్కువగా ఉండే డాలస్, కాలిన్ కౌంటీల్లోనూ, పక్కనున్న రాక్‌వాల్, గ్రేసన్‌లలోనూ ఏళ్ళ తరబడి జింకకు విల్లు, క్రాస్‌బో మాత్రమే అనుమతి. రైఫిల్ కొనేశాక ఈ సంగతి తెలిస్తే లాభం లేదు. టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ సైటులో మీ కౌంటీ పేజీ తీసి సీజను తేదీలు, ఎన్ని ఆడవి, ఎన్ని మగవి కొట్టొచ్చు, కొమ్ముల నిబంధన ఉందా లేదా చూసి అచ్చు తీసి పెట్టుకోండి. మామూలుగా రైఫిల్ సీజను నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. ఉత్తర మండలంలో జనవరి మొదటి ఆదివారం దాకా, దక్షిణ మండలంలో మరో రెండు వారాలు సాగుతుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే వేట.

కొమ్ముల నిబంధన ఉన్న కౌంటీల్లో మగజింక కొమ్ముల లోపలి వెడల్పు 13 అంగుళాలైనా ఉండాలి, లేదా ఒక కొమ్మైనా చీలిక లేనిదై ఉండాలి. దూరం నుంచి 13 అంగుళాలు కొలిచేదెలా? అప్రమత్తంగా నిలబడి చెవులు రిక్కించిన జింకకు ఈ చెవి కొస నుంచి ఆ చెవి కొసకు సుమారు అంతే ఉంటుంది. కొమ్ములు రెండూ చెవులు దాటి బయటికి కనబడాలి. జింక తల వంచి మేస్తున్నప్పుడు అంచనా వెయ్యకండి. తల ఎత్తేదాకా ఆగండి.

నేల కొలత, తూటా పోయే దారి

పది ఎకరాల చదరపు ముక్కకు ఒక్కో వైపు 220 గజాలు. ఇరవై ఎకరాలకు 311 గజాలు. పొడవాటి ముక్క అయితే అడ్డం ఇంకా తక్కువ. .308 రైఫిల్ తూటా గాలిలో రెండు మైళ్ళకు పైగా పోగలదు. మీరు పేల్చిన బుల్లెట్ మీ కంచె దాటి పొరుగువారి నేల మీదుగా పోతే, వారి నుంచి రాతపూర్వక ఒప్పందం లేకపోతే, అది టెక్సాస్‌లో నేరం. ఎవరికీ తగలకపోయినా సరే. పైగా పది ఎకరాలు, అంతకు తక్కువ ఉన్న ప్లాట్ల లేఅవుట్లలో తుపాకీ పేల్చడాన్నే కొన్ని కౌంటీలు నిషేధించాయి. రిజిస్ట్రేషన్‌కు ముందే షెరీఫ్ ఆఫీసుకు ఫోను చేసి అడగండి.

మంచె ఎందుకు కట్టాలో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. చదును నేల మీద కుర్చీ వేసుకుని మూడున్నర అడుగుల ఎత్తు నుంచి, 100 గజాల దూరంలో రెండున్నర అడుగుల ఎత్తున ఉన్న జింక గుండెకు గురిపెట్టారనుకుందాం. గురి తప్పినా, ఒంట్లోంచి దూసుకుపోయినా, ఆ గీత నేలను తాకేది జింకకు అవతల మరో 250 గజాల దగ్గర. అంటే ఇరవై ఎకరాల్లో మీ కంచె దాటాక. అదే పది అడుగుల మంచె మీద కూర్చుంటే తుపాకీ ఎత్తు 13 అడుగులు. అప్పుడు ఆ గీత జింక వెనక పాతిక గజాల లోపే నేలలో దిగుతుంది. మన చేల మంచె పిట్టల్ని కాయడానికి, ఇక్కడి మంచె ముందు పొరుగువాణ్ణి కాయడానికి. అయినా ఇంత ఏటవాలు కోణంలో తూటా రాతి నేలకు తగిలి ఎగిరే ప్రమాదం ఉంటుంది. హిల్ కంట్రీ సున్నపురాయి మీద మరీను. జింక నిలబడే చోటికి వెనక గుట్టో, మట్టి కట్టో ఉండేలా చూసుకోండి.

అందుచేత చిన్న నేల మీద గురి దూరం 80 నుంచి 120 గజాలకు మించదు. ‘300 గజాల రైఫిల్’ మీకు పనికిరాని వస్తువు.

మంచె ఎక్కడ, గాలివాటు ఎటు

జింక కంటిని ఏమార్చొచ్చు గానీ ముక్కును ఏమార్చలేం. మంచె ఎప్పుడూ గాలి కిందివైపు, అంటే జింకలు మేసే చోటి నుంచి మీ మీదకు గాలి వీచే వైపు ఉండాలి. టెక్సాస్‌లో చాలా రోజులు గాలి దక్షిణం, ఆగ్నేయం నుంచి వస్తుంది. దాని ప్రకారం మేత దగ్గరకు వాయవ్యంలో మంచె వేస్తారు. తప్పు లేదు. కానీ నవంబరులో సూర్యుడు ఉదయించేది సరిగ్గా తూర్పు-ఆగ్నేయంలో. పొద్దున్నే ఆ మంచెలో కూర్చుంటే ఎండ నేరుగా స్కోపులో (రైఫిల్ మీది గురి దుర్భిణిలో) పడి గంటసేపు ఏమీ కనబడదు. ఆ మంచె సాయంత్రాలకు పెట్టుకోండి. చల్లటి ఉత్తరపు గాలి దిగిన రోజు, అంటే జింకలు బాగా కదిలే రోజు, అదే మంచె ఎక్కితే మీ వాసనంతా మేత మీదకే పోతుంది. ఆ రోజుకు మేతకు దక్షిణాన మరోటి ఉండాలి. ఉత్తరం వైపు చూస్తూ కూర్చుంటారు కాబట్టి ఉదయం, సాయంత్రం కూడా ఎండ కంట్లో పడదు. డబ్బు ఒక్క మంచెకే ఉంటే దక్షిణపు మంచే వేసుకోండి, గాలి మీ వెనక నుంచి మేత మీదకు వీచే రోజు ఇంటి దగ్గర ఉండండి. మీ వాసన మేత మీదకు పోయేలా రెండు రోజులు కూర్చుంటే పెద్ద మగజింకలు ఆ చోటికి రాత్రిపూటే రావడం నేర్చుకుంటాయి.

మంచెకు చేరే దారి కూడా మేత మీదుగా పోకూడదు. మంచెను ఆగస్టులోపే నిలబెట్టండి. అక్టోబరు చివర కొత్త పెట్టె ఒకటి మొలిస్తే జింకలు వారాల తరబడి దాన్ని అనుమానంగా చూస్తాయి. లోపల కందిరీగల గూళ్ళు ఉంటాయి. సీజనుకు ముందు పట్టపగలు వెళ్ళి దులపండి.

చూపుకు అడ్డొచ్చే కొమ్మలు నరికేటప్పుడు జాగ్రత్త. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ చెట్లను కొయ్యకండి. ఓక్ విల్ట్ అనే శిలీంధ్రాన్ని మోసే పురుగులు ఆ నెలల్లో పచ్చి గాయాల మీద వాలతాయి, వరసగా చెట్లకు చెట్లు ఎండిపోతాయి. మిగతా నెలల్లో కోసినా గాయానికి వెంటనే పెయింటు పూయండి.

చెట్టుకు కట్టే నిచ్చెన మంచె వాడితే, నేల మీద కాలు ఉన్నప్పుడే నడుముకు, భుజాలకు కలిపి బిగించే హార్నెస్ వేసుకుని, పైనుంచి కిందిదాకా వేలాడే లైఫ్‌లైన్ తాడుకు తగిలించాలి. పైకెక్కాక తగిలిద్దామనుకునేవాళ్ళకు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రక్షణ ఉండదు. రైఫిల్ భుజాన వేసుకుని ఎక్కొద్దు. తూటాలు తీసి, గొట్టం కిందికి ఉండేలా తాడుకు కట్టి, మీరు కూర్చున్నాక పైకి లాక్కోండి.

మొక్కజొన్న, ఫీడరు, పందులు

ప్రైవేటు నేలలో మేత చల్లి వేటాడటం టెక్సాస్‌లో చట్టబద్ధం. 55 గ్యాలన్ల డ్రమ్ము ఫీడరులో (వేళకు మేత చిమ్మే యంత్రం) సుమారు 330 పౌన్ల మొక్కజొన్న పడుతుంది. చిమ్మే మోటారు ఒక్కో రకం ఒక్కోలా విసురుతుంది కాబట్టి పెట్టె మీద రాసింది నమ్మకండి. కింద టార్పాలిన్ పరిచి ఐదు సెకన్లు తిప్పి, పడింది తూకం వెయ్యండి. పూటకు మూడు పౌన్లు పడేలా పెడితే డ్రమ్ము సుమారు 55 రోజులు వస్తుంది. పొద్దున్న వెలుగు వచ్చిన అరగంటకు ఒకసారి, పొద్దుగూకడానికి గంటన్నర ముందు మరోసారి చాలు. ఒక పొరపాటు ఏటా జరుగుతుంది: నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, అది చాలా ఏళ్ళు సీజను మొదలైన మర్నాడే. ఫీడరు టైమరుకు ఆ సంగతి తెలియదు. మీ ఫోను లెక్కలో అది గంట ముందే చిమ్మేస్తుంది. జింకలు మాత్రం సూర్యుణ్ణి బట్టి వస్తాయి కాబట్టి వాటికి తేడా లేదు. టైమరును వదిలేసి మీరే ఓ గంట ముందు లేవండి.

మొక్కజొన్న సంచి మీద అఫ్లాటాక్సిన్ వంద కోట్లకు 20 భాగాల లోపు అని రాసి ఉన్నదే కొనండి. తడిసి గడ్డకట్టిన గింజలు ఫీడరు నుంచి తీసి పారెయ్యండి, నేల మీద చిమ్మకండి. ఆ బూజు విషం జింకల కన్నా ముందు పిట్టల్ని చంపుతుంది. పైగా మొక్కజొన్న జింకను రప్పించే ఎర మాత్రమే, మాంసకృత్తులు అందులో ఎనిమిది తొమ్మిది శాతమే. బలం కావాలంటే 16 నుంచి 20 శాతం ప్రోటీన్ గుళికలు, లేదా పత్తిగింజలు. అవును, ఊళ్ళో పాడిగేదెలకు పెట్టే పత్తిగింజలే. వాటికి ఇక్కడ ఇంకో సుగుణం ఉంది, అడవిపందులు వాటిని పెద్దగా ముట్టవు.

మొక్కజొన్న పెట్టారంటే పందులు వస్తాయి. ఫీడరు చుట్టూ 34 అంగుళాల ఎత్తు, 16 అడుగుల పొడవు ఉండే ఇనుప హాగ్ ప్యానెళ్ళు పది గుండ్రంగా నిలిపితే దాదాపు 50 అడుగుల వ్యాసం వస్తుంది. పెద్ద జింకలు దాన్ని ఇట్టే దూకుతాయి, పందులు దూకలేవు. వలయం ఇంతకన్నా చిన్నది చేస్తే లోపల ఇరుక్కుంటామన్న భయంతో జింకలు దూకడానికి జంకుతాయి. రెండేసి ప్యానెళ్ళు కలిసే చోట టీ-పోస్టు అనే ఇనుప గుంజ, మధ్యలో మరొకటి పాతండి. లేకపోతే పంది మూతితో అడుగు ఎత్తేస్తుంది.

రైఫిల్

ఇక్కడిదాకా వచ్చాక ఎంపిక తేలిక. 120 గజాల దూరానికి, చాలావరకు 100 నుంచి 150 పౌన్లుండే జింకకు, బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే ఒక్కో తూటాకు చేత్తో బోల్టు లాగేది, ఒకటి చాలు. రిమ్‌ఫైర్ తూటా, అంటే .22 లాంటిది, తెల్లతోక జింకకు టెక్సాస్‌లో చట్టవిరుద్ధం.

కొత్తగా పట్టేవారికి, చిన్న ఒళ్ళు వారికి .243 వించెస్టర్, 95 లేదా 100 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్‌తో. దాని దెబ్బ .308 దెబ్బలో దాదాపు సగం. గురి కుదరకపోవడానికి మొదటి కారణం భుజం నొప్పి భయంతో ట్రిగ్గర్ నొక్కే క్షణాన కళ్ళు మూసుకోవడమే కాబట్టి ఈ సగం చాలా విలువైన సగం. దీంతో భుజం ఎముక మీదకు కొట్టొద్దు, పక్కటెముకల మీదే కొట్టాలి. మధ్యస్తంగా కావాలంటే 6.5 క్రీడ్‌మూర్, 140 గ్రెయిన్ల చుట్టుపక్కల. తూటా ఏ చిన్న ఊళ్ళోనైనా దొరకాలనుకుంటే .308 వించెస్టర్, 150 గ్రెయిన్లు. 1925 నుంచి ఉన్న .270 కూడా 130 గ్రెయిన్లతో ఈ పనికి బ్రహ్మాండంగా సరిపోతుంది. .300 వించెస్టర్ మాగ్నమ్ జోలికి పోకండి. 100 గజాల్లో అది చేసే అదనపు పనల్లా జబ్బల మాంసం నెత్తురు గడ్డగా మార్చడమే.

రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్, మాస్‌బర్గ్ పేట్రియాట్ తక్కువ ధర వరసలో ఉన్నాయి. ఇంకొంచెం పెట్టగలిగితే టిక్కా టీ3ఎక్స్, దాని బోల్టు నున్నగా కదులుతుంది. మొత్తం బడ్జెట్‌లో రైఫిల్‌కు సగం, మిగతా సగం స్కోపు, రింగులు, తూటాలు, చెవుల రక్షణకు ఉంచండి. దుకాణంలో పేరు కన్నా ముందు చూడాల్సింది ఒంటికి అమరిక: కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికెత్తండి, చెంప మడమ కర్రకు (భుజానికి ఆనే వెనక భాగం) ఆన్చి కళ్ళు తెరవండి. స్కోపులో నల్లటి నీడ లేకుండా బొమ్మ నిండుగా కనబడాలి. మెడ సాచాల్సి వస్తే మడమ కర్ర పొడవు ఎక్కువైనట్టు. మామూలుగా వచ్చేది 13.5 అంగుళాలు, అది అందరికీ సరిపడదు. చలికోటు మీద ఇంకా పొడవనిపిస్తుంది. ఎడమచేతివాటం వారు ఎడమచేతి బోల్టే కొనుక్కోండి.

స్కోపు 3-9x40, అంటే మూడు నుంచి తొమ్మిది రెట్లు పెంచి చూపేది, చాలు. 25 రెట్లు పెంచి చూపే స్కోపులు దగ్గరి జింకను వెతకడానికి అడ్డం. మంచెలో ఎప్పుడూ మూడు, నాలుగు మీదే ఉంచండి.

బుల్లెట్ విషయంలో పిసినారితనం వద్దు. ఫుల్ మెటల్ జాకెట్ తూటాలు రేంజికే. అవి విచ్చుకోకుండా సన్నటి కన్నం చేసి వెళ్ళిపోతాయి, జింక మైళ్ళు పరిగెత్తి ఎక్కడో బాధపడి చస్తుంది. సీసం మృదువైన ముక్కుతో ఉండే సాఫ్ట్ పాయింట్, లేదా తొడుగు అంటుకుని ఉండే బాండెడ్ రకం మంచివి. పిల్లలున్న ఇంట్లో పూర్తి రాగి బుల్లెట్లే ఇంకా మేలు, ఎందుకంటే సీసం పొడి గాయం చుట్టూ అంగుళాల మేర కంటికి కనబడకుండా చెదిరిపోతుంది. రాగి తేలిక కాబట్టి ఒక మెట్టు తక్కువ బరువు ఎంచుకోండి: .308లో 150 బదులు 130. అప్పుడది వేగంగా పోయి సరిగా విచ్చుకుంటుంది. రైఫిళ్ళకు ఒక్కోదానికి ఒక్కో తూటా నప్పుతుంది. మూడు రకాలు ఒక్కో డబ్బా కొని కాల్చి చూడండి, నప్పిన దాన్ని ఐదు డబ్బాలు కొనిపెట్టుకోండి.

గురి సరిచేయడం

‘నిన్న సరిగ్గా తగిలింది, ఇవాళ తగలట్లేదు’ అంటే పదింట తొమ్మిదిసార్లు వదులైన స్క్రూ. స్కోపు బేసు, రింగుల స్క్రూలు టార్క్ రెంచితో తయారీదారు చెప్పిన సంఖ్యకే బిగించండి. రింగులకు మామూలుగా 15 నుంచి 18 అంగుళ-పౌన్లు. చేత్తో బిగిస్తే ఒకటి వదులు, ఒకటి స్కోపు గొట్టాన్ని నొక్కేసేంత బిర్రు.

మొదటి తూటాలు 25 గజాల దగ్గర కాల్చండి. 100 గజాల్లో మొదలుపెడితే కాగితానికే తగలదు, ఎటు పోయిందో తెలియక డబ్బా ఖాళీ అవుతుంది. స్కోపు మీది మరను తిప్పితే వచ్చే ఒక్కో మెట్టు ఒక క్లిక్కు. పావు అంగుళం క్లిక్కు అంటే 100 గజాల దగ్గర లెక్క. 25 గజాల దగ్గర ఒక్కో క్లిక్కు అంగుళంలో పదహారో వంతే జరుపుతుంది, కాబట్టి అంగుళం జరపాలంటే 16 క్లిక్కులు. అక్కడ తూటా గురికి ముప్పావు అంగుళం కింద తగిలేలా చేసి, 100 గజాలకు వెళ్ళండి. ఒక్క తూటా చూసి తిప్పొద్దు. మూడు కాల్చి, వాటి మధ్య బిందువు చూసి తిప్పండి. గొట్టం ముట్టుకుంటే కాలేంత వేడెక్కితే ఆగండి, సన్నటి గొట్టాలు వేడికి గురి జరుపుతాయి. చిన్న నేలకు 100 గజాల దగ్గర సరిగ్గా సున్నా చేసుకుంటే, అంటే గురిపెట్టిన చోటే తూటా తగిలేలా చేసుకుంటే చాలు. .308తో 200 గజాల దగ్గర తూటా దాదాపు నాలుగు అంగుళాలు దిగుతుంది, అంత దూరం మీకు అవసరం రాదు.

బల్ల మీద ఇసుక సంచుల ఆసరాతో గురి కుదిరాక ఆగకండి. మంచెలో కూర్చునే తీరులో, కిటికీ అంచుకు ఆన్చి, ఆరు అంగుళాల కాగితపు ప్లేటు మీద కాల్చండి. ఐదుకు ఐదూ ప్లేటులో పడే దూరమే మీ దూరం. రైఫిల్ మోత సుమారు 160 డెసిబెల్స్, 140 దాటితే ఒక్క పేలుడుకే వినికిడి దెబ్బతింటుంది. చిన్న చప్పుళ్ళు వినిపిస్తూ పేలుడును ఆపే ఎలక్ట్రానిక్ ఇయర్‌మఫ్‌లు మంచెలో కూడా పెట్టుకోండి. సైలెన్సరుకు 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి లేదు, రిజిస్ట్రేషన్ మాత్రం అలాగే ఉంది.

మిగతా సామాను తక్కువే. 8x42 బైనాక్యులర్. స్కోపుతో వెతకడం అంటే పొరుగువాడి మీద తుపాకీ గురిపెట్టడమే కాబట్టి ఇది తప్పనిసరి. తలకు కట్టుకునే లైటు, నాలుగంగుళాల లోపు కత్తి, రబ్బరు గ్లోవ్స్, పాము కోరలు దిగని బూట్లు (నవంబరు ఎండలకు రాటిల్‌స్నేక్‌లు బయటే ఉంటాయి). ఆకుపచ్చ మచ్చల దుస్తుల మీద డబ్బు తగలెయ్యకండి. జింకలకు నారింజ, ఎరుపు సరిగా కనబడవు, నీలం బాగా కనబడుతుంది. నీలి జీన్స్ మానండి, బట్టల్ని మెరిపించే డిటర్జెంటు మానండి. ప్రభుత్వ వేటభూముల్లో పట్టపగలు 400 చదరపు అంగుళాల నారింజ రంగు, తలమీద నారింజ టోపీ తప్పనిసరి. సొంత నేలలో తప్పనిసరి కాదు, కానీ ఇద్దరు ముగ్గురు దిగినప్పుడు వేసుకోవడమే మేలు.

పేల్చాక

జింక పక్కకు తిరిగి నిలబడ్డప్పుడు, ముందుకాలి జబ్బ వెనకగా, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర. లేదా కాస్త అవతలికి తిరిగి ఉన్నప్పుడు అవతలి జబ్బకు గురి. మీకేసి తిరిగి ఉంటే ఆగండి.

దెబ్బ తగిలిన జింక చాలాసార్లు పరిగెడుతుంది. చివరగా కనబడ్డ చెట్టును గుర్తుపెట్టుకుని అరగంట కదలకుండా కూర్చోండి. నురగతో గులాబీ రంగు నెత్తురు ఉంటే ఊపిరితిత్తులు, వంద గజాల్లోపే పడి ఉంటుంది. ముదురు ఎరుపు అయితే కార్జం, రెండు మూడు గంటలు ఆగాలి. పచ్చగా, దుర్వాసనతో ఉంటే పేగులు, కనీసం ఆరు గంటలు. తొందరపడి వెంటబడితే అది లేచి మైలు పోతుంది, అదీ పొరుగు నేలలోకి. కంచె దాటితే పొరుగువారి అనుమతి లేకుండా మీరు అడుగు పెట్టకూడదు. సీజనుకు ముందే ఒక డబ్బా అరిసెలతో వెళ్ళి పరిచయం చేసుకుని ఫోన్ నంబరు తీసుకోవడం అందుకే.

జింకను కదిలించకముందే ట్యాగు: నెల, తేదీ కత్తితో కోసి, వివరాలు రాసి కట్టాలి. టెక్సాస్ నవంబరులో మధ్యాహ్నం 80 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే. గంటలోపు పేగులు తీసి, మాంసాన్ని 40 డిగ్రీల లోపుకు చల్లార్చాలి. ఐస్ పెట్టెలో అడుగు కన్నం తెరిచి, పెట్టెను కాస్త వంచి పెట్టండి. కరిగిన నీళ్ళలో నానితే మాంసం పాలిపోయి పాడవుతుంది. కొవ్వు మొత్తం తీసెయ్యండి. వేటమాంసం అని మనం పిలిచేది మేకను, అసలు వేట మాంసంలో కొవ్వు మైనంలా నాలుకకు అంటుకుంటుంది.

జింకలకు వచ్చే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ టెక్సాస్‌లో 2012లో మొదట కనబడింది. మనుషులకు సోకినట్టు రుజువు లేదు గానీ, వ్యాధి ఉన్నదాన్ని తినొద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ చెబుతుంది. మెదడు, వెన్నుపాము, కళ్ళు, ప్లీహం ముట్టకుండా, వెన్నెముక కొయ్యకుండా మాంసం ఒలవండి. పరీక్ష రాష్ట్రం ఉచితంగా చేస్తుంది. మిగిలిన భాగాలు అక్కడే వదలాలి, లేదా ల్యాండ్‌ఫిల్‌కు పంపాలి, లేదా పైన మూడడుగుల మట్టి ఉండేలా పాతాలి.

సీజను కాని నెలల్లో

ఒక జింక తిరిగే మేర సుమారు చదరపు మైలు, 640 ఎకరాలు. ఇరవై ఎకరాల ఆసామి జింకలను ‘పెంచలేడు’. అవి వచ్చి వెళ్ళేలా, పగలు నిలిచేలా మాత్రమే చెయ్యగలడు. ఆ పని పడక, మేత, నీళ్ళు మూడింటితో జరుగుతుంది. నేలలో మూడో వంతు దట్టమైన పొదగా వదిలేసి, అందులోకి మీరు కూడా అడుగు పెట్టకండి. యాష్ జునిపర్ అనే ‘సెడార్’ను అడుగు కొమ్మల కింద మొదలంటా కోస్తే మళ్ళీ చిగర్చదు. మెస్కీట్ మాత్రం మన సర్కారు తుమ్మ చుట్టమే, మోడుకు మందు పూయకపోతే పది కొమ్మలై లేస్తుంది. పాత సెడార్లలో గోల్డెన్-చీక్డ్ వార్బ్లర్ అనే అరుదైన పిట్ట గూడు కడుతుంది, మార్చి నుంచి ఆగస్టు దాకా నరకడం ఆపండి.

మేతకు సెప్టెంబరు చివర, వాన సూచన చూసుకుని ఓట్స్, గోధుమ కలిపి ఎకరాకు వంద పౌన్లు చల్లి అంగుళం లోతున కప్పండి. ముందు మట్టి పరీక్ష చేయించండి. చేలో ఒక మూల నాలుగడుగుల వ్యాసం జాలీ పంజరం నిలపండి. లోపలి పైరు మోకాలెత్తు, బయటిది నేలబారు అయితే జింకలు మేతకు మించి ఉన్నట్టు. చెట్ల ఆకులు నాలుగైదు అడుగుల ఎత్తు దాకా కత్తిరించినట్టు మాయమైపోయినా అదే మాట. అలాంటప్పుడు నిబంధనలు అనుమతించినన్ని ఆడజింకలను కొట్టడమే మందు. కొమ్ములవాటిని మాత్రమే ఎంచి కొట్టే ఆసామి నేలలో ఐదారేళ్ళకు పెద్ద కొమ్ములే ఉండవు.

పన్ను సంగతి కూడా ఉంది. వ్యవసాయ విలువ మీద పన్ను కడుతున్న నేలను వన్యప్రాణి నిర్వహణ కిందికి మార్చుకునే వీలు 1995 రాజ్యాంగ సవరణతో వచ్చింది. ఆవాసం సరిచేయడం, నేల కోత ఆపడం, వేటాడి తినే మృగాల అదుపు, అదనపు నీళ్ళు, అదనపు మేత, గూడు, లెక్కింపు అనే ఏడింటిలో మూడైనా ఏటా చెయ్యాలి. పందులను పట్టడం, నీటి తొట్టి, ట్రైల్ కెమెరాతో జింకల లెక్క చిన్న ఆసామికి తేలిక. దరఖాస్తు ఏప్రిల్ 30 లోపు కౌంటీ అప్రైజల్ ఆఫీసుకు. రసీదులు, తేదీతో ఫోటోలు దాచండి. అసలు వ్యవసాయ విలువే లేని నేలకు నేరుగా ఇది రాదు, కొనేముందే అడగాల్సిన ప్రశ్న ఇది.

కంచె స్తంభాలకు ఊదా రంగు గీతలు కొడితే టెక్సాస్‌లో అది ‘లోపలికి రావద్దు’ బోర్డుతో సమానం: నిలువుగా ఎనిమిది అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు, నేలకు మూడు నుంచి ఐదడుగుల ఎత్తున, చెట్ల నేలలో వందేసి అడుగులకు ఒకటి.

హిల్ కంట్రీలో నేల ఉంటే మరో వింత ఎదురవుతుంది. 1930ల్లో తెచ్చి వదిలిన చుక్కల జింకలు, కృష్ణజింకలు అక్కడి కొండల్లో ఉన్నాయి. ఒకటి తెలంగాణ రాష్ట్ర జంతువు, మరోటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. ఇక్కడవి పరాయి జంతువుల లెక్క కాబట్టి ప్రైవేటు నేలలో వాటికి సీజను, సంఖ్య పరిమితి లేవు, వేట లైసెన్సు ఉంటే చాలు. చుక్కల జింక తెల్లతోకదాని కన్నా బరువు, చర్మం మందం. దానికి .243 బదులు .308 ఎత్తండి.